గోధుమ పడనివారు

“నాకు వంకాయ పడదు”, “మా నాన్నకు వేరుసెనగ పడదు” అని ఇళ్ళలో పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. ‘పడదు’ అనే ఈ చిన్న మాటలో మూడు వేరువేరు సంగతులు ఇమిడి ఉన్నాయి. కొందరికి ఆ రుచి ఇష్టముండదు. కొందరికి అది తింటే దురద, దద్దుర్లు వస్తాయి. మరికొందరికి పైకి ఏమీ కనిపించదు కాని, లోపల ప్రేవులు మెల్లమెల్లగా దెబ్బతింటాయి. మొదటిది అలవాటుతో మారవచ్చు. మిగిలిన రెండూ బలవంతపెట్టి తినిపిస్తే మారేవి కావు. ఈ పాఠంలో గోధుమ పడనివారిని గురించి తెలుసుకుందాం.

గోధుమపిండిని ముద్దగా కలిపి, నీటిధార కింద పిసుకుతూ కడిగితే తెల్లని గంజి అంతా కొట్టుకుపోయి, చివరకు చేతిలో సాగే బంక మిగులుతుంది. దీనినే గ్లూటెన్ అంటారు. ఇది ఒక మాంసకృత్తు. మధురై వీధులలో పరోటా మాస్టరు మైదా ముద్దను విసిరి విసిరి గుడ్డలాగా పలచగా సాగదీయగలగడానికి కారణం ఈ బంకే. బార్లీలోను, రై అనే చలిదేశపు ధాన్యంలోను ఇటువంటి పదార్థమే ఉంది.

సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారి శరీరం గ్లూటెన్‌ను శత్రువుగా భావిస్తుంది. దానితో పోరాడబోయి తన చిన్నప్రేవులనే గాయపరచుకుంటుంది. చిన్నప్రేవు లోపలి గోడమీద, మఖమలు గుడ్డమీది నూగులాగా, అతిసన్నని మొలకలు ఉంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చుకొనేవి అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత కనిపిస్తాయి. పిల్లలు వయసుకు తగినట్లు ఎదగరు. పాపం, బిడ్డ చిక్కిపోతున్నదని ఇంట్లోవారు దిగులుపడి మరో రెండు చపాతీలు వడ్డిస్తారు!

గోధుమ ఎలర్జీ దీనికి భిన్నమైనది. తిన్న కొద్ది నిమిషాలలోనో, ఒకటి రెండు గంటలలోనో దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి. ఊపిరాడకపోతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ ఎలర్జీ చాలామంది పిల్లలలో పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. సీలియాక్ మాత్రం జీవితాంతం ఉంటుంది. రెండూ అంటువ్యాధులు కావు. పక్కన కూర్చుని తిన్నంత మాత్రాన ఎవరికీ రావు.

సీలియాక్‌కు మూలం గోధుమ అని తెలిసిన తీరు ఆశ్చర్యకరమైనది. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించి, నయమైతే ఆహారం వల్లనే నయం కావాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. నెదర్లాండ్స్‌లో పిల్లల వైద్యుడైన విల్లెం కారెల్ డికెకు 1930ల నాటికే గోధుమమీద అనుమానం కలిగింది. రెండవ ప్రపంచ యుద్ధపు చివరిరోజులలో, 1944-45 శీతాకాలంలో, ఆ దేశంలో భయంకరమైన కరవు వచ్చింది. రొట్టె దొరకలేదు. జనమంతా ఆకలితో అలమటిస్తుంటే, ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. యుద్ధం ముగిసి రొట్టె తిరిగి రాగానే వారికి జబ్బు తిరగబెట్టింది. డికె తన పరిశీలనలను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసంగా సమర్పించాడు. నేటికీ దీనికి చికిత్స గ్లూటెన్‌ను పూర్తిగా మానడమే.

మన దేశంలో ఈ వ్యాధి ఉత్తరాదిన ఎక్కువ. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో అక్కడ నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి రక్తంలో ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు కనిపించాయి. దక్షిణాదివారు గోధుమ తక్కువగా తినడమే ఈ తేడాకు ముఖ్యకారణంగా కనిపించింది. అయితే మన పళ్ళెం మారుతున్నది. ఇంట్లో ఒకరికి షుగరు వస్తే చాలు, రాత్రిపూట అందరికీ చపాతీలే!

గోధుమ మానడం మన పాత ఊళ్ళవారికి కొత్త సంగతి కాదు. విజయనగర, మధుర నాయకుల కాలంలో తెలుగువారు ఎందరో దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. కోయంబత్తూరు, మధురై ప్రాంతాల నల్లరేగడిలో, మెట్టపొలాలలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామలు పండాయి. రాగిసంకటి, సజ్జ అంబలి తిన్న పెద్దలకు గోధుమరొట్టె పండుగపూట కూడా అక్కరలేకపోయింది. ఈ ధాన్యాలలో దేనిలోను గ్లూటెన్ లేదు. రాగిలోనైతే వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంది.

చిక్కు బజారులో వస్తుంది. ఇంట్లో మనం జొన్న అన్నది అంగడిలో చోళం. సజ్జ కంబు, కొర్ర తినై, సామ సామై, అరిక వరగు, ఊద కుదిరైవాలి. రెండు పేర్లూ తెలియకపోతే వస్తువు ఎదురుగా ఉన్నా ఇంటికి రాదు. పేరును నమ్మినా చిక్కే. బార్లీ అరిసి అన్న మాటలో బియ్యం ఉన్నది గాని అది బియ్యం కాదు, గ్లూటెన్ ఉన్న బార్లీ. జవ్వరిసి అంటే సగ్గుబియ్యం. కర్రపెండలం నుంచి తీసినది కాబట్టి పరవాలేదు. రాగి సేమియా పొట్లంలో చాలాసార్లు గోధుమపిండి కూడా ఉంటుంది. అన్నిటికంటె మోసకరమైనది ఇంగువ. అంగడిలో దొరికే ఇంగువపొడిలో తరచుగా మైదా కలుపుతారు. అంటే బియ్యం, పప్పులతో చేసిన సాంబారులోకి కూడా గోధుమ చిటికెడంత చేరుతుందన్నమాట. సీలియాక్ ఉన్నవారికి ఆ చిటికెడు కూడా చేటే. వీధి మిల్లులో గోధుమలు ఆడిన మరలోనే బియ్యం పోస్తే పిండిలో పిండి కలుస్తుంది. అందుకే ఇంట్లో మిక్సీలో ఆడించుకోవడం మేలు. పొట్లంమీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన ప్రభుత్వ నియమం.

ఒక హెచ్చరిక. కడుపునొప్పి వచ్చిందని ఎవరి మాటో విని గోధుమ మానకూడదు. రక్తపరీక్షకు ముందే మానేస్తే, వ్యాధి ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. ముందు పరీక్ష, ఆ తరువాతనే పథ్యం.

బడి సంగతి చూద్దాం. 2022 సెప్టెంబరు 15న మధురైలో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలహార పథకం మొదలైంది. దాని తొలి పట్టికలో ఉప్మా, కిచిడి, పొంగలి ఉన్నాయి. రవ్వ, సేమియా వంటకాలు గోధుమవే. వరుసలో గోధుమ పడని పిల్ల ఒకతె ఉన్నదనుకోండి. రవ్వ ఉప్మా పెట్టిన రోజు ఆమె ఇంటినుంచి కొర్రన్నం డబ్బా తెచ్చుకుంటుంది. “ఒక్క ముద్దకు ఏమవుతుందే, తిను” అని పక్కనున్న పిల్ల ప్రేమగానే తన పళ్ళెం చాపుతుంది. ఆమెను వేరుగా కూర్చోబెట్టనవసరం లేదు. డబ్బాలోకి ఎవరి చెంచా వెళ్ళకుంటే చాలు. ఉపాధ్యాయులకు, వంటమ్మకు తల్లిదండ్రులు ముందుగానే చెప్పి ఉంచాలి.

పెళ్ళి పంక్తిలో ఆ పిల్ల ఆకు ఎలా ఉంటుంది? అన్నం, నెయ్యి, పెరుగు, అరటిపండు నిశ్చింతగా తినవచ్చు. కేసరి రవ్వది, వద్దు. గోధుమపాలతో చేసిన తిరునెల్వేలి హల్వా అంతకన్నా వద్దు. పాయసం సేమియాతో చేశారా, సగ్గుబియ్యంతోనా అని చూడాలి. ఇక సాంబారు వంతు. వడ్డించే ఆయన బకెట్టుతో దగ్గరికి వచ్చేలోగానే వాళ్ళ అమ్మ వంటశాలకు వెళ్ళి అడిగి వస్తుంది: “అణ్ణా, పెరుంగాయత్తిల మైదా ఇరుక్కా?” ఇంగువలో మైదా ఉన్నదా అని. వంటాయన డబ్బా తిప్పి, దానిమీది అక్షరాలు చదివి చెబుతాడు.