6061, 6063: నంబర్ ఒక్కటే చూస్తే చాలదు

ఎపిసోడ్ విన్నాక చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, అల్యూమినియం అంతా ఒకటే కదా, ఇన్ని నంబర్లు ఎందుకు?" అక్కడ టైము చాలక వదిలేసింది ఇక్కడ రాస్తున్నా.

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. గట్టిదనం కోసం అందులో ఏం కలిపారో మొదటి అంకె చెప్తుంది. అమెరికాలో అల్యూమినియం అసోసియేషన్ 1954లో తెచ్చిన పద్ధతి ఇది.

- 1: 99 శాతం, ఆపైన అల్యూమినియమే.
- 3: మాంగనీసు. రూఫ్ షీట్లు, గట్టర్లు.
- 5: మెగ్నీషియం. ఉప్పుగాలిని తట్టుకుంటుంది, పడవలకు వాడతారు.
- 6: మెగ్నీషియం, సిలికాన్ రెండూ. మన సైటుకొచ్చే సెక్షన్లు ఎక్కువగా ఇవే.
- 2, 7: ఒకదాంట్లో రాగి, ఇంకోదాంట్లో జింక్. విమానాల సరుకు. బలం ఎక్కువే గానీ 2024, 7075 లాంటివి మామూలు ఆర్క్ వెల్డింగుకు పనికిరావు.

6063 డై లోంచి నునుపుగా వస్తుంది, ఆనొడైజింగ్ చక్కగా పడుతుంది. అందుకే కిటికీ ఫ్రేములకీ హ్యాండ్‌రెయిల్ పైపులకీ అదే. ఇండియాలో పనిచేసినవాళ్ళకు ఇది 63400 పేరుతో తెలుసు. బరువు మోసే చోట 6061 కావాలి.

నంబర్ తర్వాత ఉండే టీ5, టీ6 టెంపర్. అంటే వేడి చేసి గట్టిపరిచిన తీరు. డిజైనులో తీసుకునే కనీస యీల్డ్ బలం, చదరపు అంగుళానికి, 6063-టీ5కి 16,000 పౌండ్లు, 6063-టీ6కి 25,000, 6061-టీ6కి 35,000. గ్రేడ్ ఒకటే అయినా టెంపర్ మారితే ఇంత తేడా.

అసలు ప్రమాదం వెల్డింగులో ఉంది. ఆ వేడికి టెంపర్ పోతుంది. వెల్డుకు అటూ ఇటూ అంగుళం మేర 6061-టీ6ని 15,000గానే లెక్కేయాలి, సగం కూడా లేదన్నమాట. రెయిలింగ్ పోస్టును బేస్ ప్లేటుకి ఎక్కడ వెల్డ్ చేస్తాం? అడుగున. మనిషి పైన ఆనుకుంటే ఎక్కువ ఒత్తిడి పడేదీ అక్కడే. ఓషా రూలు ప్రకారం సైటు గార్డ్‌రెయిల్ పైకమ్మీ 200 పౌండ్ల తోపుడుకి ఆగాలి. అందుకే ఇంజనీర్లు పోస్టు గోడ మందం పెంచుతారు, లేదా లోపల గట్టి ఇన్సర్ట్ పెట్టిస్తారు.

కాబట్టి సైటులో రెండు పనులు చేయండి. చూపుకి, తూకానికి 6061, 6063 తేడా తెలియదు, మిల్ సర్టిఫికెట్ అడిగి గ్రేడూ టెంపరూ రెండూ డ్రాయింగుతో సరిచూడండి. డ్రాయింగులో లేని వెల్డు "చిన్నదే కదా" అని ఎవరన్నా వెయ్యబోతే ఆపి, ఇంజనీరుకి ఫోన్ చేయండి. ఆ కమ్మీకి రేపు ఎవరో ఒకరు నమ్మకంగా ఆనుకుంటారు.