కట్టు విప్పితే అయిపోలేదు!

గుళ్ళో పూజారిగారు తీర్థం పోయబోతున్నారు. పిన్ని కుడిచెయ్యి చాచింది. అరచెయ్యి సగం వరకే తిరిగింది. పోసిన తీర్థం కాస్తా పక్కనుంచి జారి చీరమీద పడింది. రెండోసారి ఎడమచెయ్యి కింద ఆనించి పట్టుకుంది. ఆయనేమీ అనలేదు గానీ పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కట్టు విప్పి నెల దాటింది. ఎముక అతుక్కుందనే చెప్పారు. మరి ఈ చెయ్యి నాది కానట్టుందేమిటే?" అంది ఇంటికొస్తూ.

పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. స్నానాలగదిలో సబ్బునీళ్ళమీద జారింది. పడబోతూ ఎవరైనా చేసేదే చేసింది... చెయ్యి ఆనించింది. ఒంటి బరువంతా మణికట్టుమీద పడింది. ఎక్స్‌రే తీశారు, ఎముక సరిచేసి కట్టు వేశారు. ఆరు వారాలు! ఆ ఆరు వారాలూ మేమంతా ఆవిణ్ణి అపురూపంగా చూసుకున్నాం. "చెయ్యి కదపకు పిన్నీ" అన్నాం. వేళ్ళు కూడా ఆడించనివ్వలేదు. మెడలో గుడ్డ కట్టి, చెయ్యి అందులో పెట్టి కూర్చోబెట్టాం.

తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

ఎముకకు విశ్రాంతి, కీలుకు పని

మణికట్టు దగ్గర ఇలా విరగడాన్ని డాక్టర్లు 'కోలిస్ ఫ్రాక్చర్' అంటారు. 1814లో దీన్ని వివరించిన ఐర్లండ్ సర్జన్ అబ్రహాం కోలిస్ పేరే దానికి పెట్టారు. ముట్లు ఆగిపోయాక ఎముకలు పలచబడతాయి కనుక ఆ వయసు ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. చిన్న జారుడుకే పుటుక్కుమంటుంది.

ఎముక అతకాలంటే కదలకుండా ఉండాలి. కీళ్ళూ, కండలూ బాగుండాలంటే కదులుతూ ఉండాలి. చిక్కంతా ఇక్కడే! కట్టులో ఉన్నన్నాళ్ళూ కండలు సన్నబడతాయి, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. వేళ్ళలో చేరిన వాపు తగ్గకపోతే అక్కడే గట్టిపడుతుంది. వాడని తలుపు గడియలా చెయ్యి పట్టేస్తుంది. మెడలో గుడ్డ వేసి భుజాన్నీ కదపకపోతే అదీ బిగుసుకుంటుంది. అప్పుడు విరిగింది మణికట్టయితే జడ వేసుకోలేక ఏడ్చేది భుజం నొప్పితో!

కట్టులో ఉండగానే మొదలు

దెబ్బ తగిలిన వెంటనే ముందు గాజులూ, ఉంగరాలూ తీసెయ్యండి. వాపు వచ్చాక తీయాలంటే కోయాల్సిందే. ఆ తర్వాత డాక్టరు వద్దని చెబితే తప్ప ఇవి మొదటి రోజునుంచే చెయ్యొచ్చు.

* కూర్చున్నా, పడుకున్నా చేతిని దిండుమీద గుండెకన్నా ఎత్తులో ఉంచండి. వాపు దిగుతుంది.

* వేళ్ళు పూర్తిగా చాచి, మళ్ళీ పిడికిలి బిగించండి. బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలను ఒక్కొక్కటిగా తాకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, పదేసి సార్లు.

* రోజుకు మూడు నాలుగుసార్లు చేతిని గుడ్డలోంచి తీసి తలపైకి ఎత్తండి. కట్టు మోచేతికి దిగువనే ఉంటే మోచెయ్యి కూడా వంచి చాచండి.

వేళ్ళు నీలంగానో, తెల్లగానో మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. కట్టు బిగిసి రక్తం ఆడకపోతే చెయ్యే పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

కట్టు విప్పాక...

ఎముక అతికిందని డాక్టరు చెప్పాక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చెయ్యొద్దు. "మర్దనా చేసేవాళ్ళేగా" అనుకునేరు! నాలుగేళ్ళకు పైగా చదివే డిగ్రీ అది. 1894లో లండన్‌లో ఈ పనికి సంఘం పెట్టింది నలుగురు నర్సులు, అంటే ఆడవాళ్ళే. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో దీనికి వేరే విభాగమే ఉంటుంది.

ముందు మీ చెయ్యి ఎంతవరకు వంగుతోందో, ఎంతవరకు తిరుగుతోందో పరికరంతో కొలిచి రాసుకుంటారు. తర్వాత ఇంటికి పని ఇస్తారు. సాధారణంగా చెప్పేవి ఇవి.

* గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చెయ్యి ఉంచి, అందులోనే వేళ్ళూ, మణికట్టూ ఆడించడం.

* మోచెయ్యి బల్లమీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా పెట్టి అరచేతిని పైకీ కిందికీ వంచడం.

* మోచెయ్యి పక్కకు ఆనించి వంచి, అరచేతిని బోర్లా తిప్పడం, తర్వాత తీర్థం పట్టేటట్టు వెల్లకిలా తిప్పడం. ఈ దెబ్బ తర్వాత చాలామందికి రానిది ఈ వెల్లకిలా తిప్పడమే. చిల్లర తీసుకోవాలన్నా, ముద్ద నోట్లో పెట్టుకోవాలన్నా ఇదే కావాలి.

* నమస్కారం పెట్టి, అరచేతులు విడిపోకుండా చేతుల్ని నెమ్మదిగా పొట్టవైపు దించడం. మణికట్టు వెనక్కి వంగడానికి ఇది మంచి ఉపాయం.

* కొన్నాళ్ళయ్యాక స్పాంజి పిండడం, చపాతీ పిండి పిసకడం, తడి రుమాలు పిండడం. నీళ్ళ బకెట్టూ, నిండు కుక్కరూ మాత్రం డాక్టరు సరే అన్నాకే.

నొప్పి వస్తుంది. రాకుండా రాదు. లాగినట్టుండి కాసేపటికి సర్దుకుంటే ఫరవాలేదు. మర్నాటికీ తగ్గకపోయినా, వాపు పెరిగినా ఎక్కువ చేశారని అర్థం, కాస్త తగ్గించండి. చెయ్యి ఎర్రగా నిగనిగలాడుతూ, చీర కొంగు తగిలినా ఓర్చుకోలేనంత మంట పెడుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఎంత త్వరగా మొదలెడితే అంత నయమయ్యే ఇబ్బంది అది.

ఇంకొక్క మాట. "ఎవరో నూనె పెట్టి గట్టిగా లాగితే సరైపోతుంది" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వినకండి. ముఖ్యంగా మోచేతి దెబ్బలకు గట్టి మర్దనాలు చేస్తే కండలోనే ఎముక పెరిగే ప్రమాదముంది. నాటు కట్టు కట్టించుకున్నవాళ్ళు కూడా ఎక్స్‌రే తీయించుకుని, వేళ్ళ రంగు చూసుకుంటూ ఉండాలి.

మనసుకు తగిలిన దెబ్బ

పిన్ని మూడు నెలలు ఒంటరిగా స్నానాలగదిలోకి వెళ్ళలేదు. గడప దగ్గర ఆగిపోయేది. ఎవరైనా దగ్గరికొస్తే చేతిని కొంగులో దాచుకునేది. ఎక్స్‌రేలో కనిపించని దెబ్బ ఇది. భయం వల్ల కదపరు, కదపకపోవడం వల్ల బిగుస్తుంది, బిగుసుకుంది కనుక నొప్పి, నొప్పి కనుక మళ్ళీ భయం!

ఈ చక్రాన్ని ఆపేది ధైర్య వచనాలు కాదు, చిన్న చిన్న గెలుపులు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారం వారం కొలిచి, "అమ్మా, పోయినవారంకన్నా ఇంత ఎక్కువ తిరిగింది చూడండి" అని కాగితం చూపించేది. పిన్ని ముఖంలో ఆ రోజంతా వెలుగే! తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పింది. మళ్ళీ పడకుండా ఉండాలంటే చెయ్యి ఒక్కటే కాదు, కాళ్ళూ గట్టిగా ఉండాలి మరి. ఈ వయసులో మణికట్టు విరిగిందంటే ఎముకలు హెచ్చరిస్తున్నట్టే. ఎముకల పటుత్వం చూసే పరీక్ష గురించి, కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్ని అడగండి.

ఆ అరగంట ఎవరిస్తారు?

ఇంట్లో మగవాళ్ళకు చెయ్యి విరిగితే వ్యాయామం వేళకు అందరం గుర్తుచేస్తాం. అదే ఇల్లాలికైతే? కట్టులో ఉన్నప్పుడు "ఏమీ ముట్టుకోకు" అంటాం. విప్పిన మర్నాడే "ఎముక అతికిందిగా" అని వంటింట్లోకి పంపేస్తాం. రెండూ తప్పే. అంట్లు తోమడం వ్యాయామం కాదు. పనిలో బాగున్న చెయ్యే పరుగెత్తుకొస్తుంది, దెబ్బతిన్న చెయ్యి వెనకే ఉండిపోతుంది. పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పది, రాత్రి పది. ఈ అరగంట ఎవరో ఇస్తారని చూడకండి. మందులాగే వేళకు తీసుకోండి. ఆసుపత్రికి రానూపోనూ ఖర్చు భారమైతే మొదటిరోజే ఆ మాట చెప్పి, ఇంట్లో చేసేవన్నీ నేర్పమని అడగండి.

మా పిన్నికి పట్టు రావడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. దుప్పట్లు ఇప్పటికీ పిండలేదు, ఆ పని బాబాయి చేస్తున్నారు. మొన్న మళ్ళీ గుడికి వెళ్ళాం. పిన్ని చెయ్యి చాచింది. తీర్థం గుంటలో నిలిచింది. కళ్ళకద్దుకుని తాగి, తడి చేతిని తలకు రాసుకుంది. ఎడమచెయ్యి సాయం లేకుండా!