సముద్రానికి త్రైరాశికం

మాది భీమునిపట్నం. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది, గాలి వీస్తే ఇంట్లోకి ఇసుక వస్తుంది. అలాంటివాళ్ళం సెలవులు గడపడానికి సముద్రం నడుమనున్న ద్వీపానికి బయలుదేరుతుంటే మా వీధివారందరూ నవ్వారు. “ఇక్కడ లేని నీళ్ళు అక్కడేమున్నాయమ్మా?” అని మా పొరుగింటి పెద్దావిడ అడిగింది కూడా.

మావారు లెక్కల మేష్టారు. 2018లో ఉద్యోగ విరమణ చేశారు. పెళ్ళయి అప్పటికి ముప్పయ్యొక్క సంవత్సరాలు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అత్తగారి జబ్బు, ఇంటి అప్పు, వీటి మధ్య మేమిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్ళిన రోజు ఒక్కటీ లేదు. అది చూసి పిల్లలిద్దరూ చందా వేసుకుని అండమాన్ టిక్కెట్లు మా చేతిలో పెట్టారు.

ఈ ప్రయాణంలో మేము నవ్వులపాలైన సంగతులు చాలా ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చుకున్న సంగతి ఒకటి ఉంది. అది వ్రాయాలా వద్దా అని నేను సందేహిస్తుంటే మావారే, “వ్రాయి. నా తప్పు నలుగురికి ఉపయోగపడితే మంచిదే” అన్నారు. అందుకే దాచకుండా వ్రాస్తున్నాను.

ఓడలో

విశాఖపట్నం రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద దాదాపు 1200 కిలోమీటర్లు. (2024లో ఆ ఊరి పేరు శ్రీవిజయపురం అని మార్చారు. మేము వెళ్ళింది 2019 జనవరిలో గనుక పాతపేరే వ్రాస్తున్నాను.) చౌక అని బంక్ తరగతిలో వెళ్ళాము. రైలు బెర్తుల్లాగే ఒకదానిమీద ఒకటి పడకలు. రెండు రాత్రులు దాటాక గాని నేల కనిపించదు.

ఓడ ఎక్కగానే మావారు నాకు ధైర్యం చెప్పారు. “నీకు వికారం రావచ్చు, నిమ్మకాయ దగ్గర పెట్టుకో. భీమిలిలో పుట్టినవాడిని, నాకేమీ కాదు” అన్నారు. రేవు దాటి మూడు గంటలు కాలేదు. మొదట వాంతి చేసుకున్నది ఆయనే! నా నిమ్మకాయ ఆయనకే పనికివచ్చింది. ఆ గొడవలో సంచి పడిపోయి ఆవకాయ సీసా మూత ఊడింది. ఆయన తెల్లచొక్కాలు మూడూ ఎర్రగా అయిపోయాయి.

పక్క పడక మీద సిక్కోలు నుంచి కొడుకును చూడడానికి వెళుతున్న ముసలమ్మ ఒకావిడ ఉంది. “లోపల పడుకుంటే ఇంకా తిప్పుతాది నాయినా. పైకెల్లి, దూరంగా నీరూ ఆకాశం కలిసిన కాడ సూడు” అంది. మావారు వినలేదు. సాయంత్రానికి ఇక ఓపిక లేక పైకి వెళ్ళి ఆ గీతవైపు చూస్తూ కూర్చున్నారు. అరగంటలో తేరుకున్నారు. ఓడ ఊగుతున్నదని చెవి చెబుతుంది, గది కదలడం లేదని కన్ను చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకనే వికారం వస్తుందట. దూరపు గీతను చూస్తే రెండూ ఒకే మాట చెబుతాయి. ఆ కారణం ముసలమ్మకు తెలియదు గాని, మందు తెలుసు.

నల్లనీళ్ళ ఊరు

పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే మాకు ఆశ్చర్యం కలిగింది. ఆటోలో తెలుగు, కూరల బజారులో తెలుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలన్నిటిలో కలిపి సుమారు 3 లక్షల 80 వేల మంది ఉంటే, వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ, కూలికీ వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఆదివారం తెలుగు ఆరాధనలో కూర్చుంటే మన ఊరి గుడిలో ఉన్నట్టే అనిపించింది.

సెల్యులార్ జైలు చూశాము. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదిలో ఒక్కొక్క మనిషి. మన రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చినవాడే. 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకప్పుడు సంకెళ్ళతో దాటించిన ఆ నీళ్ళనే మేము పిల్లలిచ్చిన టిక్కెట్లతో దాటివచ్చామని తలచుకుంటే నా మనసు బరువెక్కింది.

నీల్ ద్వీపం

అక్కడినుంచి పడవ మీద సుమారు రెండు గంటల ప్రయాణం చేసి నీల్ ద్వీపానికి వెళ్ళాము. 2018 డిసెంబరులో దానికి శహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. తూర్పు బెంగాలు నుంచి కాందిశీకులుగా వచ్చినవారు అడవి కొట్టి పొలాలు చేసుకున్న చోటది. పోర్ట్ బ్లెయిర్‌కు కూరగాయలు అక్కడినుంచే వస్తాయి. అరటితోటలు, పోకచెట్లు, వరిమళ్ళు చూస్తుంటే మన కోనసీమను సముద్రంలోకి తోసినట్టుంది.

ఆ ద్వీపం చివర లక్ష్మణ్‌పూర్ తీరాన అలలు తొలిచిన రాతివంతెన ఒకటి ఉంది. అక్కడి బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అని ముద్దుగా పిలుచుకుంటారు. నీరు బాగా తీసినప్పుడే, అంటే పాటు వేళలోనే దాని దగ్గరకు నడిచివెళ్ళగలం. తోవంతా చచ్చిన పగడపు రాళ్ళు, మధ్య మధ్య గుంటల్లో నీళ్ళు. ఆ గుంటల్లో నీలిరంగు చేపపిల్లలు, నక్షత్రచేపలు, నల్లని దోసకాయల్లాంటి జీవులు.

పున్నమి వెళ్ళిన మరునాడు మేము అక్కడికి వెళ్ళాము. మధ్యాహ్నం మూడున్నర దాటింది. బస చూపిన కుర్రవాడు ముందే చెప్పాడు: “అయిదింటికల్లా ఇవతలికి వచ్చేయండి.” మావారు తల ఊపారు. అంతే.

జానెడు నీళ్ళు

మూడు ముప్పావుకు నీరు పూర్తిగా తీసింది. మావారు గుర్తుగా ఒక రాయి చూసి పెట్టుకున్నారు. నాలుగు ముప్పావుకు నేను “ఇక పదండి, నీరు ఎక్కుతోంది” అన్నాను. ఆయన ఆ రాయి దగ్గరకు వెళ్ళి కొలిచి వచ్చారు. “గంటలో జానెడే ఎక్కింది. ఇంకో గంట ఉంటే ఇంకో జానెడు. రెండు జానలంటే మోకాలి కిందే! ఇది త్రైరాశికం. ఏమే, లెక్కల మీద నమ్మకం లేదా?” అని నవ్వి ఇంకా ముందుకు వెళ్ళారు. చుట్టూ ఉన్న యాత్రికులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అయిదింటికి మళ్ళీ అడిగాను. అయిదుంపావుకు మూడోసారి అడిగాను. “ఆరింటిదాకా వెలుగుంటుంది” అన్నారు.

ఉండలేదు. భీమిలి కంటే ఆ ద్వీపాలు తూర్పుకు తొమ్మిది డిగ్రీలకు పైగా ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ అరగంటకు పైగా ముందే అస్తమిస్తాడు. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. అయిదున్నరకు ముందే సూర్యుడు దిగిపోయాడు. పావుగంటలో మసక చీకటి.

అప్పుడు తిరిగాము. వచ్చేటప్పుడు పొడిగా ఉన్న రాళ్ళు కనిపించలేదు. ఎటు చూసినా ఒకటే నీరు. మోకాళ్ళు మునిగాయి. గుంట ఏదో, రాయి ఏదో తెలియదు. నా కాలు జారి పగడపు రాళ్ళ మీద పడ్డాను. లేచి చూసుకుంటే అరికాలు తెగింది. ఒక చెప్పు పోయింది. అల వచ్చినప్పుడల్లా నీరు నడుము దాకా వస్తోంది. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ చెయ్యి వణకడం ముప్పయ్యొక్క సంవత్సరాలలో నేను మొదటిసారి చూశాను. “దేవా” అన్న ఒక్క మాట తప్ప నా నోట ఇంకేమీ రాలేదు.

అంతలో ఒడ్డున టార్చిలైటు వెలిగింది. హిందీలో ఏదో కేక వినిపించింది. మావారు కంగారులో తెలుగులోనే “బాబూ, ఇక్కడ!” అని అరిచారు. వెంటనే తెలుగులోనే జవాబు వచ్చింది. “ఏటి మేష్టారూ, ఈ యేలప్పుడు అక్కడేటి సేస్తన్నారు! కదలకండి, నానొస్తన్నాను!”

అతను మావారిని మేష్టారు అని ఎలా పిలిచాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కళ్ళద్దాలు చూసి అనుకున్నానన్నాడు తర్వాత. పడవ పని చేసుకునే మనిషి, తండ్రి నాడు సిక్కోలు తీరం నుంచి వలస వచ్చాడట. నీళ్ళలోకి దిగి, కర్రతో లోతు చూసుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. మేము వచ్చిన తోవన కాకుండా పక్కగా రాతిమిట్ట మీదుగా నడిపించాడు. “బేగి రండమ్మా, ఇంకో గంటకి ఇక్కడ గుండెలోతు” అన్నాడు.

ఒడ్డుకు చేరాక మావారు త్రైరాశికం సంగతి చెప్పారు. అతను నవ్వలేదు. “పోటు అలా ఎక్కదు మేష్టారూ. మొదట పాకుతాది, నడిమిన పరుగెడతాది, ఆఖరున మళ్ళీ పాకుతాది. పున్నమికి, అమాసకి మరీను” అన్నాడు.

ఇంటికి వచ్చాక మావారు పుస్తకంలో చూశారు. నావికులు వాడే ఉజ్జాయింపు లెక్క అచ్చం అదే. పాటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు. మొత్తం ఎక్కే నీటిని పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. మొదటి గంటలో జానెడు ఎక్కితే రెండో గంటలో రెండు జానలు, మూడో గంటలో మూడు జానలు. మావారు కొలిచింది సరిగ్గానే. లెక్కే వేరు.

ఆ రాత్రి

ద్వీపంలోని ఆరోగ్య కేంద్రంలో గాయం మంచినీళ్ళతో బాగా కడిగి, ధనుర్వాతం సూది వేశారు. పగడం తెగిన గాయంలో సన్నని ముక్కలు మిగిలితే చీము పడుతుందట. బసకు వచ్చాక మావారు నా కాలు ఒళ్ళో పెట్టుకుని కట్టు సరిచేశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, “నువ్వు మూడుసార్లు చెప్పావు” అన్నారు. నేను బదులు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. ఆయనను ఒక్కరినే నిందించడం న్యాయం కాదు. చిన్నప్పటినుంచి భీమిలి ఇసుకలో గవ్వలు ఏరుకున్న అలవాటుతో, మనుమరాలి కోసం చచ్చిన పగడపు కొమ్మ ఒకటి, గవ్వలు నాలుగు సంచిలో దాచాను. తిరుగు ప్రయాణం విమానంలో. విమానాశ్రయంలో సంచి తెరిపించారు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చచ్చినదైనా తీసుకురాకూడదు. అందరి ముందూ అవి బల్లమీద పెట్టి, తల వంచుకుని వచ్చాను. అక్కడ బోర్డులు ఉన్నాయి. నేను చదవలేదు. అంతే తేడా.

మీరూ వెళ్ళేటట్లయితే

మన దేశస్థులకు పోర్ట్ బ్లెయిర్, నీల్ వంటి చోట్లకు అనుమతి పత్రం అక్కరలేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఆదివాసుల రక్షిత ప్రాంతాలకు మాత్రం వెళ్ళకూడదు. రాళ్ళ మీద నడవడానికి వెనుక పట్టీ ఉన్న చెప్పులు తీసుకువెళ్ళండి. రోజువారీ మందులు చేతి సంచిలో ఉంచుకోండి. నీటిలో దిగేముందు పోటు, పాటు వేళలు అడగండి. అడిగాక వినండి. ఆవకాయ సీసాకు గుడ్డ కట్టండి.

ఇప్పుడు మావారు గోస్తనీ మొగ దగ్గరకు మనుమలను తీసుకువెళితే, ముందుగా వలలు బాగుచేసుకుంటున్న జాలరులను అడుగుతారు, “ఏమయ్యా, ఈవేళ నీళ్ళెలా ఉన్నాయి?” అని. ఇంటి పక్కనే ఉన్నవారిని ఆ మాట అడగడానికి మాకు 1200 కిలోమీటర్లు పోవలసివచ్చింది.

మరి నా సంగతి? తీరాన కూర్చున్నప్పుడు నేను “ఇక పదండి” అంటే, ఆయన వాచీ చూసుకోవడం మానేశారు. లేచి చెప్పులు వేసుకుంటారు.