గ్లయోబ్లాస్టోమా చికిత్సలో వాడే మందులు

ఉద్దేశం
ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు గ్లయోబ్లాస్టోమా రోగికి ఇచ్చే మందులలో ఏది ఏ పని చేస్తుందో వివరించగలుగుతారు.

1. పరిచయం
దిల్‌సుఖ్‌నగర్‌లో మా పొరుగాయన ఒకరు తన భార్య మందుల చీటీ చూపించి, "సార్, ఇన్ని మందుల్లో క్యాన్సర్‌కు పనిచేసేది ఏది?" అని అడిగారు. మీరూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

గ్లయోబ్లాస్టోమా మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్. దీని కణాలు చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకొనిపోతాయి కాబట్టి శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించలేరు. మిగిలిన కణాలను మందులతో చంపాలన్నా, రక్తంలోని అనేక పదార్థాలను మెదడులోకి రానివ్వని రక్త-మెదడు అవరోధం అడ్డుపడుతుంది.

2. క్యాన్సర్ కణాలను చంపే మందు
ఈ అవరోధాన్ని దాటగలిగే మందు టెమోజోలమైడ్. ఇది డి.ఎన్.ఎ.లోని గ్వానిన్‌కు మిథైల్ సమూహాన్ని చేర్చి, కణం విభజన చెందే సమయంలో చనిపోయేటట్లు చేస్తుంది. అయితే ఎం.జి.ఎం.టి. అనే ప్రోటీన్ ఆ సమూహాన్ని తొలగించి నష్టాన్ని సరిచేయగలదు. ఈ ప్రోటీన్ తక్కువగా తయారయ్యే గడ్డలలో మందు ఎక్కువ ఫలితమిస్తుంది.

స్టూప్ బృందం 573 మందిపై జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. రేడియేషన్ మాత్రమే పొందినవారి మధ్యగత జీవితకాలం 12.1 నెలలు, టెమోజోలమైడ్ కూడా పొందినవారిది 14.6 నెలలు. రెండేళ్లు దాటి జీవించినవారు మొదటి వర్గంలో 10.4 శాతం, రెండో వర్గంలో 26.5 శాతం.

రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు ఇస్తారు. ఎల్.బి.నగర్ నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే రోగి లకడీకాపూల్ దాకా 30 సార్లు మెట్రో ఎక్కాలి. ప్రయాణం లేని ఆదివారం కూడా క్యాప్సూల్ మాత్రం వేసుకోవాలి. ఆ తరవాత కొంత విరామమిచ్చి, ప్రతి 28 రోజులలో 5 రోజులు ఇస్తారు. రక్తకణాలు తగ్గే ప్రమాదం ఉన్నందున రక్తపరీక్షలు మానకూడదు.

3. బాధను తగ్గించే మందులు
డెక్సామెథసోన్ గడ్డ చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. కొద్ది రోజులలోనే తలనొప్పి తగ్గుతుంది, నడక మెరుగవుతుంది. దాంతో ఇంట్లోవాళ్లు గడ్డ కరిగిందనుకొంటారు. నిజానికి తగ్గింది వాపు మాత్రమే. నయమైందని దీన్ని హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుల సలహాతో మోతాదును క్రమంగా తగ్గించాలి.

మూర్ఛలు వచ్చే రోగికి లెవెటిరాసెటమ్ వంటి మందు ఇస్తారు. వ్యాధి తిరగబెట్టినప్పుడు వాడే బెవాసిజుమాబ్ గడ్డకు కొత్త రక్తనాళాలు ఏర్పడకుండా అడ్డుకొంటుంది. దీనివల్ల వాపు తగ్గినా, ఆయుర్దాయం పెరిగినట్లు ప్రధాన అధ్యయనాలలో రుజువు కాలేదు.

4. సారాంశం
ఆ చీటీలో క్యాన్సర్ కణాలను చంపేది టెమోజోలమైడ్. మిగిలినవి వాపును, మూర్ఛలను అదుపుచేస్తాయి. రోగి తేరుకోవడం, గడ్డ తగ్గడం ఒకటి కాదు. గడ్డ పరిస్థితిని తెలిపేది ఎం.ఆర్.ఐ. పరీక్ష.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. ఎం.జి.ఎం.టి. టెమోజోలమైడ్ ప్రభావాన్ని ఎలా తగ్గిస్తుంది?
2. డెక్సామెథసోన్ వాడగానే రోగి తేరుకొంటే గడ్డ తగ్గినట్లేనా? వివరించండి.