అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్

అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్ 2018 డిసెంబరు 21న విడుదలైన తెలుగు వైజ్ఞానిక కాల్పనిక చలనచిత్రం. దీనికి సంకల్ప్ రెడ్డి దర్శకత్వం వహించాడు. వరుణ్ తేజ్, అదితి రావు హైదరి, లావణ్య త్రిపాఠి ముఖ్య పాత్రధారులు. అంతకుముందు వచ్చిన ఆదిత్య 369 (1991) కాలయానాన్ని ఊహించిన కథ కాగా, ఈ చిత్రం రాకెట్లు, ఉపగ్రహాలు, కక్ష్యలు వంటి వాస్తవ సాంకేతికతను ఆధారంగా చేసుకున్నది.

కథాంశం

మిహిర అనే ఉపగ్రహం గతి తప్పుతుంది. అది ఇతర ఉపగ్రహాలను ఢీకొంటే సమాచార వ్యవస్థ స్తంభించిపోతుంది. వృత్తికి దూరమైన దేవ్ అనే వ్యోమగామి తిరిగివచ్చి, అంతరిక్షానికి వెళ్ళి దానిని సరిచేయడానికి పూనుకుంటాడు.

శాస్త్రీయ అంశాలు

కక్ష్యా వేగం: గంటకు 9000 కి.మీ. అనగా సెకనుకు 2.5 కి.మీ. భూమికి 400 కి.మీ. ఎత్తున తిరగడానికి సెకనుకు సుమారు 7.7 కి.మీ., 35,786 కి.మీ. ఎత్తునున్న భూస్థిర కక్ష్యలో సుమారు 3.07 కి.మీ. వేగం కావాలి. ఎత్తు పెరిగిన కొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది కనుక వృత్తాకార కక్ష్యకు కావలసిన వేగమూ తగ్గుతుంది.

భారరహిత స్థితి: 400 కి.మీ. ఎత్తున కూడా భూమ్యాకర్షణ దాదాపు 89 శాతం ఉంటుంది. వ్యోమగామి, వాహనం కలిసి నిరంతరం భూమివైపు పడుతూ ఉండడం వల్లనే భారం తెలియదు.

కక్ష్యలో మరమ్మతు: ఇది కేవలం కల్పన కాదు. 1984 ఏప్రిల్‌లో అమెరికా వ్యోమగాములు సోలార్ మాక్స్ ఉపగ్రహాన్ని కక్ష్యలోనే బాగుచేశారు. రెండు వాహనాలను కక్ష్యలో జతపరచే ప్రక్రియను ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం ద్వారా 2025 జనవరి 16న సాధించింది.

ఢీకొనే ప్రమాదం: ఒక ఢీ వల్ల పుట్టిన శకలాలు మరికొన్ని ఉపగ్రహాలను ఢీకొని, శకలాల సంఖ్య గొలుసుకట్టుగా పెరుగుతుందని 1978లో డొనాల్డ్ కెస్లర్ సూచించాడు. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, పనిచేయని కాస్మోస్ 2251 ఢీకొని వేలాది శకలాలుగా విడిపోయాయి.

వాస్తవ సంఘటన

తెలంగాణ మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజాచారి 2021 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకున్నాడు. కొద్దిరోజులకే, నవంబరు 15న, రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్ 1408ని క్షిపణితో పేల్చివేసింది. శకలాల భయంతో కేంద్రంలోని ఏడుగురూ తమ తమ నౌకలలో తలదాచుకోవలసి వచ్చింది. చిత్రంలో చూపిన ముప్పు ఊహామాత్రం కాదని ఈ సంఘటన తెలుపుతుంది.

ఇవి కూడా చూడండి

ఆదిత్య 369
భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ
రాకేశ్ శర్మ