అంగడి పేరు పదిమందికి తెలిసేదెట్లా?

పొద్దుటూరు పేరు చెబితే బంగారు గుర్తుకొస్తుంది. బట్టలూ గుర్తుకొస్తాయి. ఇంట్లో పెళ్లి కుదిరిందంటే జమ్మలమడుగు వాళ్లయినా, పులివెందుల వాళ్లయినా పొద్దుటూరుకు పోతారు. ఏ అంగడికి పోవాలి? మునుపు ఈ మాట మేనత్తనో, పెదనాయననో అడిగేవాళ్లు. "ఫలానా అంగడికి పోండి. తూకంలో మోసముండదు" అని వాళ్లు చెప్పేవాళ్లు. ఆ ఒక్క మాటతోనే అంగడి నడిచేది.

ఇప్పుడు చాలామంది ముందు ఫోనును అడుగుతున్నారు. రాయడం రాకపోయినా ఫరవాలేదు. నోటితో అడిగినా ఫోను వింటుంది. వెంటనే కొన్ని పేర్లు చూపిస్తుంది. పైనున్న రెండు మూడు పేర్లు చూసి చాలామంది ఆగిపోతారు. కింద ఉన్న అంగడి మంచిదే కావచ్చు. కానీ అది ఎవరి కంటా పడదు.

మరి పేరు పైకి రావాలంటే ఏం చేయాలి? ఫోను ఎట్లా వెతుకుతుందో ముందు తెలుసుకుందాం. గూగుల్ కంపెనీ 1998లో మొదలైంది. దాని యంత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్న పేజీలను చదువుతూ పోతాయి. ఏ పేజీలో ఏ విషయం ఉందో రాసిపెట్టుకుంటాయి. పెద్ద పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక వేస్తారు కదా, అట్లాంటిదే ఇది. మనం అడిగినప్పుడు ఆ పట్టికలో వెతికి, మన ప్రశ్నకు బాగా జవాబు చెప్పే పేజీలను పైన పెట్టాలని చూస్తుంది. దగ్గరలో ఉన్న అంగళ్లు అడిగితే మూడు సంగతులు చూస్తుంది. అడిగినదానికి సరిపోతుందా? ఎంత దూరం? ఎంతమందికి తెలిసిన అంగడి? డబ్బు కట్టి ప్రకటన వేయించుకోవచ్చు. కానీ దానిమీద ప్రకటన అని రాసి ఉంటుంది. డబ్బు అయిపోతే ప్రకటనా పోతుంది. మంచి జవాబు రాసిపెడితే అది నిలిచి ఉంటుంది.

జవాబు అంటే ఏమిటి? "మా అంగడే గొప్పది, రండి రండి" అని రాస్తే అది జవాబు కాదు, దండోరా. కొనేవాళ్ల మనసులో ఉన్న అనుమానం తీర్చేదే జవాబు. నగ మీద 916 అని ఎందుకు ఉంటుంది? వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారు అని అర్థం. అదే 22 క్యారెట్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండాలని నియమం వచ్చింది. దాన్ని బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఒక అంగడి ఇదంతా తేటతెల్లంగా రాసిపెట్టిందనుకోండి. తరుగు ఎంత, మజూరీ ఎంత అనేది కూడా దాచకుండా చెప్పిందనుకోండి. చదివినవాళ్లు ఆ అంగడిని మరిచిపోతారా?

ఇది ఫోన్లతో పుట్టిన తెలివేమీ కాదు. మద్రాసులో కె.ఎన్. కేసరి అనే తెలుగు ఆయుర్వేద వైద్యుడు ఉండేవారు. ఆయన మందుల సంస్థ పేరు కేసరి కుటీరం. ఆడవాళ్ల కోసం లోధ్ర అనే మందు అమ్మేవారు. 1928లో ఆయన గృహలక్ష్మి అనే పత్రిక పెట్టారు. ఆడవాళ్లకు పనికొచ్చే విషయాలు వేశారు. ఆడవాళ్లు రాసినవీ అచ్చువేశారు. పత్రిక చదివిన ఇళ్లలో మందు పేరు కూడా తెలిసింది. ముందు పనికొచ్చే మాట, ఆ వెనక సరుకు. వరుస అదే.

పెద్ద అంగళ్ల సంగతి ఎట్లున్నా, ఈ పని మగ్గం నేసే ఇంటికి ఎక్కువ అవసరం. మరమగ్గం చీరను చేనేత అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. తక్కువ ధర చూసి జనం అదే కొంటారు. నిజంగా నేసినవాళ్ల చీర మూలన పడుతుంది. దళారి అడిగిన ధరకే ఇచ్చుకోవాలి. అటువంటి ఇల్లు తన మగ్గం గురించి తానే చెప్పుకోవాలి. నూలు ఏది, చీరకు ఎన్ని రోజులు పట్టింది, రంగు పోతుందా, ఎట్లా ఉతకాలి? చేనేత గుర్తు ఉంటే అదీ చూపాలి. ఆ గుర్తు 2006లో వచ్చింది. మగ్గం ఆడుతుండగా తీసిన రెండు నిమిషాల వీడియో చాలు. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని గంటలో చేసిపెడతారు. అంగడి పేరు, చోటు, తెరిచే వేళలు గూగుల్‌లో ఎక్కించడానికి పైసా కట్టనక్కరలేదు.

వాట్సాప్ గుంపులో పెట్టాం కదా, చాలదా అంటారు కొందరు. గుంపులో పెట్టింది గుంపులోనే ఉంటుంది. బెంగళూరులో వెతికే మనిషికి అది దొరకదు.

దొంగదారులు కూడా ఉన్నాయి. "పొద్దుటూరు చీరలు, పొద్దుటూరు చీరలు" అని ఒకే మాట వందసార్లు రాస్తారు. బంధువుల చేత లేని మెప్పులు రాయిస్తారు. ఇవి గూగుల్ నియమాలకు విరుద్ధం. పట్టుబడితే ఉన్న పేరూ కిందికి పోతుంది.

పులివెందుల చీనీ, అరటి రైతులకూ ఇదే దారి. కాయ ఏ నెలలో కోతకు వస్తుందో, లారీ తోటదాకా వస్తుందో లేదో రాస్తే కొనేవాడికి సగం పని తగ్గుతుంది.

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. పెన్న లోయ చూడడానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. అక్కడ గదులు అద్దెకిచ్చేవాళ్లు, భోజనం పెట్టేవాళ్లు ఏం రాయాలి? లోయ అందంగా ఉంటుందని రాయనక్కరలేదు, అది ఫోటోలోనే కనిపిస్తుంది. బస్సు ఏ వేళకు ఉంది? రాత్రి అన్నం దొరుకుతుందా? ముసలివాళ్లు లోయ అంచుదాకా నడవగలరా? ఎండాకాలం మధ్యాహ్నం బండలు కాలిపోతాయి, పొద్దున్నే రండి అని కూడా రాయాలి. బస్సు వేళ మారిన రోజే రాసింది కూడా మార్చాలి.