చెఱువు చేపలకు జబ్బు చేసినప్పుడు మొదట చూడవలసినది



పశువునకు జబ్బు చేసినచో మనము దాని ముట్టె తడిమి చూతుము, పేడ చూతుము, నెమరు వేయుచున్నదో లేదో చూతుము. చేప నీటిక్రింద నుండును గనుక దాని జబ్బు మనకు ఆలస్యముగా తెలియును. తెలిసిన వెంటనే తొందరపడి మందుల అంగడికి పరుగెత్తుదుము. ఈ తొందరవలన కలుగు నష్టమును నేను కన్నులార చూచితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్నేండ్ల క్రిందట, మబ్బు పట్టిన యొక తెల్లవారుజామున, సభ్యుడొకరు నా యింటికి వచ్చి, “అయ్యా, బొచ్చెలన్నియు పైకి తేలి నోళ్ళు తెఱచుచున్నవి. ఏదో రోగము తగిలినది” అని చెప్పెను. నేను చెఱువును చూడకయే మందుపేరొకటి వ్రాసి యిచ్చితిని. ఆయన పట్టణమునకు పోయి, అంగడి తెఱచువఱకు కాచుకొని, మందు తెచ్చుసరికి ప్రొద్దు బారెడెక్కెను. అప్పటికే పెద్ద చేపలనేకము వెల్లకిల తేలియుండెను. వానికి రోగము లేదు. నీటిలో ఊపిరికి వాయువు లేదు. గట్టుమీదనే యున్న ఇంజను త్రిప్పి కాలువనీరు పెట్టియున్నచో అందులో పెక్కు బ్రతికియుండును. ఆ తప్పు ఆయనది కాదు, నాది.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న యిది: జబ్బు చేపకా, నీటికా?

నీటిలోని పచ్చని నాచు పగటి యెండలో ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ ఆ నాచును చేపలతోబాటు దానినే పీల్చును. అందుచేత సూర్యోదయమునకు ముందు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములున్న చేపలు సుఖముగా నుండును. 3 కంటె తగ్గినచో బాధపడును. వరుసగా మబ్బు పట్టినను, పేడయు కోళ్ళయెరువును ఎక్కువైనను, తిని మిగిలిన మేత అడుగున క్రుళ్ళినను ఈ ప్రమాదము కలుగును.

నీటి జబ్బును గుర్తించుటకు మూడు సంగతులు చూడవలెను.

మొదటిది వేళ. చేపలు తెల్లవారుజామున తేలి, ఎండ పొడిచిన పిమ్మట లోనికి దిగినచో అది వాయులోపము. రోగపుచేప పగలంతయు మందకొడిగా గట్టువార నుండును.

రెండవది లెక్క. వాయులోపమున ఒక్క రాత్రిలో అనేకము చచ్చును. రోగమున సాధారణముగా నేడు రెండు, రేపు అయిదు, ఎల్లుండి పది యగును.

మూడవది జాతి. వాయులోపమున పెద్ద చేపలు ముందు చచ్చును. గాలి పీల్చు కొరమీను బ్రతికియుండును. పొలములనుండి పురుగుమందు కలిసిన నీరు దిగినచో వేళతో నిమిత్తము లేక, చిన్నవియు పెద్దవియు చచ్చును.

వాయులోపమని తోచినచో ఆ దినమున మేతయు ఎరువును మానవలెను. క్రొత్తనీరు పెట్టవలెను. ఏరేటరు లేనివారు చెఱువునీటినే పంపుతో పైకి చిమ్మి మరల చెఱువులోనే పడనీయవలెను. నాచును చంపు మందు ఆ సమయమున వేయరాదు. చచ్చిన నాచు క్రుళ్ళుచు, ఉన్న కొద్దిపాటి వాయువును కూడ హరించును.

నీరు బాగుగనే యున్నచో, బ్రతికియున్న చేపలను వలతో పట్టి, మొప్పలెత్తి, పొలుసులను పరిశీలింపవలెను. ఎఱ్ఱని మొప్ప ఆరోగ్యము. పాలిపోయినదియు క్రుళ్ళినదియు రోగము.

చేపపేను: మినపగింజంత పలుచని బిళ్ళవలె చర్మమున కఱచుకొని కదలును. చేప గట్టునకును కఱ్ఱలకును ఒడలు రాచుకొనును. ఈ పురుగు గట్టి వస్తువులమీద గ్రుడ్లు పెట్టును. కావున వెదురుబద్దలు నాటి, వారమున కొకసారి తీసి ఎండబెట్టినచో గ్రుడ్లు నశించును.

పుండ్ల జబ్బు: ఇది బూజుజాతివలన వచ్చును. 1988లో మన దేశపు ఈశాన్యభాగమున కనిపించి, పిమ్మట ఆంధ్రదేశమునకు వ్యాపించెను. వానలు వెలిసి చలి ప్రారంభమగునప్పుడు కొరమీను, పరిగె, మోసు మొదలగువానికి ఎఱ్ఱని మచ్చలు లేచి లోతైన పుండ్లగును. చలికి ముందే నీటిని పరీక్షింపించి, తగినంత సున్నము వేయుట మేలు. భువనేశ్వరము చెంత కౌసల్యాగంగలోని మంచినీటి చేపల పరిశోధనాలయమువారు సిఫాక్స్ అను మందును కనిపెట్టిరి. హెక్టారు విస్తీర్ణమున మీటరు లోతు నీటికి దాని మోతాదు ఒక లీటరు.

ఇచట లెక్క తప్పరాదు. మందు నేలకు కాదు, నీటికి. ఎకరము చెఱువున సగటున మీటరు లోతున్నచో 400 మిల్లీలీటర్లు. మీటరున్నర యున్నచో 600. నాలుగైదు చోట్ల లోతు కొలిచి సగటు కట్టి, మందును నీట కలిపి చెఱువంతట చల్లవలెను.

పొట్ట యుబ్బి, పొలుసులు రేగి, కన్నులు వెలికి వచ్చినచో అది తఱచుగా సూక్ష్మజీవుల జబ్బు. దీనికి అంగడివారు చెప్పిన మందును మేతలో కలుపరాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు చేపలకు నిషిద్ధములు. బ్రతికియున్న రోగపుచేపను నీటితో సంచిలో నుంచి మత్స్యశాఖవారికి చూపి, వారి సలహా పొందవలెను. చచ్చి క్రుళ్ళిన చేపవలన వారికేమియు తెలియదు. చచ్చినవానిని గట్టున పాఱవేయక, సున్నము చల్లి పూడ్చవలెను.

ఇప్పుడు నా యొద్దకు ఎవరైనను చేపల జబ్బని వచ్చినచో కాగితము తీయుటకు ముందు మూడు ప్రశ్నలడుగుదును: ఏ వేళ తేలినవి? ఎన్ని చచ్చినవి? ఏ జాతివి? మబ్బు పట్టిన దినములలో కోడికూతవేళ గట్టుమీద ఒకసారి తిరిగి వచ్చినవారు వీనికి జవాబు తడుముకొనకుండ చెప్పగలరు. సభ్యులందఱు ఈ చిన్న శ్రమను తప్పక పడవలెనని నా మనవి.